పిండి అనే పేరున్న ఊరు

— తృతీయ బి.యస్‌సి., భూగర్భశాస్త్ర విద్యార్థి

"ఆస్ట్రేలియా పోయొచ్చినావు గదా, సావనీరుకు ఒక యాత్రా వ్యాసం రాయి. కంగారూ ఫోటో ఉంటే అదీ పట్రా" అని మన సంపాదక మిత్రులు వెంటబడ్డారు. కంగారూలు చాలానే కనిపించాయి గాని, అన్నీ మునిమాపు వేళ కారు లైట్ల ముందు దూకి మాయమైనవే. ఫోటోకు నిలబడేంత మర్యాద తెలిసింది ఒక్కటీ లేదు. కాబట్టి వ్యాసంతోనే సరిపెట్టుకోవాలి. అదీ నగరాల అందచందాల గురించి కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో నేలమీద కంటికి కనిపించని ఒక గీత ఉంది. ఇల్లు చేరినా అది నన్ను వదలలేదు. దాని గురించి రాస్తాను.

మా అక్కా బావా అడిలైడ్‌లో ఉంటారు. సెలవులకు రమ్మని టిక్కెట్టు వాళ్లే పంపించారు. మనకు ఎండాకాలం అయిపోయే వేళకు వాళ్లకు చలికాలం మొదలు. బావకు దొరికిన అయిదు రోజుల సెలవులో కారు తీసుకొని ఉత్తరంగా పోదామని నిర్ణయమైంది. ముందు ద్రాక్షతోటలు, తర్వాత గోధుమ చేలు, తర్వాత కొండలు, ఆ పైన అక్కడివాళ్లు అవుట్‌బ్యాక్ అని పిలిచే ఎడారి అంచు. "కోనసీమలో కాఫీ తాగి బయలుదేరి, మాపటికి జైసల్మేరు చేరినట్టుంటాదప్పా" అన్నాడు బావ. ఆయనది కదిరి పక్క. పదేండ్లయినా ఆ యాస పోలేదు, ఆయన పోనీయడు కూడా.

అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమ పక్కనే నడపాలి. పోలిక అంతటితో సరి. మన దగ్గర ఎనుము అడ్డం వస్తే హారన్ కొడతాం, అది తన ఇష్టప్రకారం తప్పుకుంటుంది. కంగారూ ఎటు దూకుతుందో దానికే తెలియదు కాబట్టి చీకటి పడితే బండి ఆపేయాలట. ఉత్తరానికి పోయేకొద్దీ ఫోనుకు సిగ్నల్ ఉండదు. బండిలో ఇరవై లీటర్ల నీళ్లు, అదనపు టైరు ఉండి తీరాలి. ఇక రోడ్ ట్రైన్లని కొన్ని లారీలు వస్తాయి. ఒక ఇంజను వెనుక రెండు మూడు ట్రెయిలర్లు తగిలించి, యాభై మూడు మీటర్ల పొడవు దాకా ఉంటాయి. ఒకటి ఎదురొచ్చి పక్కగా పోతే మన కారు తాటాకులాగా ఊగుతుంది. అక్క కళ్లు మూసుకొని కదిరి నరసింహస్వామిని తలచుకునేది.

బరోసా లోయ అడిలైడ్‌కు ఈశాన్యంగా గంటన్నర లోపు ప్రయాణం. మతాచారాల విషయంలో ప్రష్యా రాజుతో పడక సైలీషియా ప్రాంతం నుంచి వలస వచ్చిన లూథరన్ రైతులు 1842లో అక్కడ బెథనీ అనే ఊరు కట్టుకున్నారు. ఆ పక్కనే టనుండాలో 1843లో నాటిన షిరాజ్ ద్రాక్ష ఇంకా కాపు కాస్తూనే ఉంది. మేము పోయేనాటికి ఆకు రాలిపోయి, కత్తిరింపులు జరుగుతున్నాయి. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసిన మన మాస్టార్లు ఇవి ద్రాక్షలంటే ఒప్పుకోరు. పందిరీ లేదు, పచ్చదనమూ లేదు. నడుమెత్తున, మా ఊరి చింతమాను వేళ్లలాగా మెలికలు తిరిగిన నల్లటి మొద్దులు వరుసగా నిలబడి ఉంటాయి.

ఆ మొద్దులు అంతకాలం బతికి ఉండడం వెనుక ఒక కథ ఉంది. ఫిల్లోక్సెరా అనే పేనులాంటి పురుగు, మిల్లీమీటరు సైజుది, ఉత్తర అమెరికా నుంచి ఐరోపా చేరి 1860ల నుంచి ఫ్రాన్సు ద్రాక్షతోటల వేళ్లు తిని వాటిని సర్వనాశనం చేసింది. చివరకు పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరుమీద తమ కొమ్మను అంటుగట్టి వాళ్లు బయటపడ్డారు. 1877లో ఆ పురుగు ఆస్ట్రేలియాలోనే విక్టోరియా రాష్ట్రంలో, జీలాంగ్ దగ్గర బయటపడింది. పక్కనే ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా 1899లో ప్రత్యేకంగా చట్టం చేసుకొని, బయటి మొక్క గాని మట్టి గాని తోటల్లోకి రాకుండా కట్టడి చేసింది. ఇప్పటికీ ఆ రాష్ట్రంలోకి పురుగు రాలేదు. తోటల గేట్లకు బోర్డులు ఉంటాయి: దయచేసి వరుసల్లోకి రావద్దు, మీ చెప్పుల మట్టి మాకు ప్రమాదం అని. ఇంత చక్కగా "లోపలికి రావద్దు" అని చెప్పడం నేనింకెక్కడా చూడలేదు.

రుచి చూపించే గదిలో ఒక పెద్దావిడ మాకు గ్లాసులు పెట్టింది. బావ డ్రైవరు కాబట్టి పుక్కిలించి, అక్కడ పెట్టిన కూజాలో ఉమ్మేశాడు. అలా ఉమ్మడం అక్కడ మర్యాదే. అక్క మంచినీళ్లు అడిగింది. నా సంగతి రాయను. మా నాయన ఈ సంచిక చదవడని చెప్పలేం కదా. ఆవిడ చెప్పిన మాట ఒకటి మాత్రం రాయాలి. 1980లలో ద్రాక్ష ధర పడిపోతే ప్రభుత్వమే రైతులకు డబ్బిచ్చి తీగలు పెరికించిందట. పురుగుకు దొరకని ముసలి తీగలెన్నో ధరకు దొరికిపోయాయి. ఇప్పుడేమో మిగిలిన వాటికి వయసునుబట్టి బిరుదులు! 2009లో పెట్టుకున్న లెక్క ప్రకారం నూట పాతికేళ్లు దాటిన తీగను ‘పూర్వీకుడు’ అంటారు. దాని సారాయి ఖరీదు అడిగి బావ గ్లాసు కింద పెట్టేశాడు.

అక్కడి నుంచి క్లేర్ లోయ. 1851లో ఆస్ట్రియా నుంచి వచ్చిన జెస్యూట్ గురువులు సెవెన్‌హిల్ దగ్గర చర్చి ప్రసాదం కోసం ద్రాక్ష వేసి మొదలుపెట్టారట. చల్లగా, ముచ్చటగా ఉంది. అంతకంటే చెప్పడానికి లేదు.

క్లేర్ దాటినాక ద్రాక్ష పోయి గోధుమ వచ్చింది. నేనిక కిటికీ నుంచి తల తిప్పలేదు. మా పక్క మృగశిర కార్తెలో పదును వాన కోసం ఎదురుచూస్తూ గొర్రు సిద్ధం చేసుకుంటాం. వాళ్లూ సరిగ్గా అదే నెలల్లో, చలికాలపు తొలి వానలకు గోధుమ విత్తుతారు. ఎర్రనేలలో జానెడు పైరు. జేమ్స్‌టౌన్ దాటి ఒర్రూరూ వైపు పోయేకొద్దీ పైరు పలచబడింది. కొంతదూరం పోయేసరికి బూడిదరంగు పొదలు, కంచెలు, గొర్రెలు. రోడ్డు పక్కన ఒక బోర్డు. బావ బండి ఆపాడు. "ఇదేనబ్బీ గోయ్డర్ గీత."

జార్జ్ గోయ్డర్ ఆ కాలనీకి సర్వేయర్ జనరల్. 1863 నుంచి 1865 దాకా అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. గొర్రెల దొరలు గుత్త తగ్గించమని మొరపెట్టుకున్నారు. కరువు ఎంతవరకు తగిలిందో చూసి రమ్మని 1865లో ప్రభుత్వం ఆయనను పంపింది. ఆయన గుర్రమెక్కి తిరిగి వచ్చి పటం మీద గీత గీశాడు. గీతకు దక్షిణాన వాన నమ్మదగింది, నాగలి పెట్టవచ్చు. ఉత్తరాన గొర్రెలే మేపుకోవాలి. ఆ దేశంలో వాన కొలిచే పరికరాలు అప్పటికి ఎక్కడో గాని లేవు. మరి దేన్నిబట్టి గీశాడు? చెట్లను చూసి! మల్లీ అనే పొట్టి యూకలిప్టస్ ఎక్కడ ఆగిపోయి, సాల్ట్‌బుష్ అనే బూడిదరంగు ఉప్పు పొద ఎక్కడ మొదలవుతుందో అదే ఆయన గీత. చెట్టు ఒక్క ఏడాది వాన చూసి మొలవదు. నూరేండ్ల మంచీ చెడూ దానికి తెలుసు. తర్వాత శాస్త్రజ్ఞులు లెక్కవేస్తే ఆ గీత ఏడాదికి సుమారు 250 నుంచి 300 మిల్లీమీటర్ల వాన పడే హద్దుకు దగ్గరగా సరిపోయింది.

1872లో ఆ గీతను చట్టంలోకి ఎక్కించారు. అయితే ఆ తర్వాత వానలు బాగా పడ్డాయి. గీత అవతల కూడా గడ్డి మోకాలెత్తు పెరిగింది. రైతులు భూమి అడిగారు, పత్రికలు గోయ్డర్‌ను ఎగతాళి చేశాయి. నాగలి పోయిన చోటికి వాన వెంట వస్తుందని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. దున్నితే నేల తడి ఆకాశానికి ఎక్కి మేఘమవుతుందని దానికొక శాస్త్రం కూడా అల్లారు. 1874లో ప్రభుత్వం గీతను చట్టం నుంచి తీసేసింది. జనం బండ్లు కట్టుకొని ఉత్తరానికి పోయి రాతి ఇళ్లు కట్టుకున్నారు, బడులు, చర్చీలు, ఊళ్లు వేసుకున్నారు. రెండు మూడు పంటలు పండాయి. 1880లో మొదలై వరుసగా వానలు మొహం చాటేశాయి. కొన్నేళ్లలో ఊళ్లు ఖాళీ.

ఆ ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒర్రూరూ నుంచి హాకర్ పోయే దారిలో అటూ ఇటూ కనిపిస్తూనే ఉంటాయి. పైకప్పు ఉండదు, గోడలు, పొగగూడు మాత్రం నిలబడి ఉంటాయి. ఒకదాని దగ్గర దిగాం. వాకిలి దాటి లోపలికి పోతే వంటింటి పొయ్యి, దానిమీద మసి. నూట నలభై ఏండ్ల కింద ఎవరో తల్లి రొట్టె కాల్చిన మసి అది. అక్క చేతితో తడిమి చూసింది గాని ఏమీ మాట్లాడలేదు. మా ఊళ్లోనూ బెంగళూరు పోయినవాళ్ల ఇళ్లు ఉన్నాయి. వాటికి కప్పులున్నాయి, తాళాలున్నాయి, అంతే తేడా.

ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. ఆ 1872 చట్టం పేరులోనే ‘వేస్ట్ ల్యాండ్స్’ అని ఉంది. బీడు భూములని మన తర్జుమా. కాని అవి ఎవరూ లేని భూములు కావు. ఆ కొండలు అడ్నమతన్హా జాతివారివి. ఆ పేరుకు కొండల మనుషులని అర్థం. ఏ ఊట ఎప్పుడు పారుతుందో వేల ఏళ్లుగా వాళ్లకు తెలుసు. వాళ్లను అడిగి ఉంటే గోయ్డర్‌కు గుర్రం శ్రమ తప్పేదేమో.

హాకర్ చేరేసరికి సిగ్నల్ వచ్చింది, వెంటనే నాయన ఫోను. "ఆడ వాన పడిందా?" ఇదే ఎప్పుడూ మొదటి ప్రశ్న. కుశలం తర్వాత. "రిగ్గు బండోళ్లకు అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చినా. టెంకాయ పట్టే ఆయన మిట్ట చేనులో పాయింటు చూపించినాడు. ఈసారి వెయ్యి అడుగులైనా సరే, యేసి చూడాల."

మాకు ఏడెకరాలు. నాలుగు బోర్లు వేశాడు నాయన. మూడింట్లో దుమ్ము వచ్చింది. నాలుగోది, ఏడువందల ఇరవై అడుగులది, మొదట రెండించుల నీళ్లు పోసి ఇప్పుడు దగ్గుతూ ఒక ఇంచు పోస్తుంది. అయిదోదానికి లక్ష దాటుతుంది. ఆ లక్ష ఎక్కడి నుంచి వస్తుందో నాయన చెప్పలేదు, నేను అడగలేదు. అక్క చేతి గాజులు చూసుకుంది.

మర్నాడు ఫ్లిండర్స్ కొండలు. విద్యార్థిగా నాకు ఇది తిరుమల యాత్రతో సమానం. 1946లో రెగ్ స్ప్రిగ్ అనే యువ భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడియాకరా గుట్టల్లో పాత గనులు పరిశీలిస్తూ, ఇసుకరాతి మీద జెల్లీచేపలాంటి ముద్రలు చూశాడు. అంత పాత రాళ్లలో జంతువులేమిటని పెద్దలు మొదట పట్టించుకోలేదు. 2004లో ఆ గుట్టల పేరు మీదనే ఎడియాకరన్ అని భూమి చరిత్రలో ఒక కొత్త యుగానికి పేరు పెట్టారు. 63 కోట్ల ఏళ్లకు పైబడిన కాలం నుంచి సుమారు 54 కోట్ల ఏళ్ల కిందటి దాకా అన్నమాట. ఆ యుగం మొదలయ్యే చోట, ఎనోరమా వాగు గట్టు రాతిలో ఒక కంచు బిళ్ల బిగించారు. దాని కింద వేలు పెడితే ఒక యుగం, పైన పెడితే ఇంకొకటి. నేను రెండు చోట్లా పెట్టి చూశాను. బావ "అయిపోయిందా?" అన్నాడు.

మా పక్క కడప రాళ్లు ఇంతకంటే పాతవి. వేంపల్లె సున్నపురాతిలో స్ట్రొమటోలైట్లను మాస్టారు ఫీల్డు ట్రిప్పులో చూపించినప్పుడు ఎంత గర్వపడ్డామో మిత్రులకు గుర్తుండాలి. కాని మా చేను ఆ రాళ్లమీద లేదు, గ్రానైటు మీద ఉంది. గ్రానైటులో నీళ్లు పైన మెత్తబడిన పొరలోను, కింద పగుళ్లలోను మాత్రమే నిలుస్తాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు బిగుసుకుంటాయి. ఈ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఫోనులో నాయనకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ వాగు గట్టున కూర్చొని రేపైనా చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని ఆలోచించాను.

నాలుగోరోజు ఇంకా ఉత్తరంగా, తారు అయిపోయి మట్టిరోడ్డు పట్టినాక వచ్చిన ఊరు ఫరీనా. లాటిన్‌లో ఆ మాటకు పిండి అని అర్థం. 1878లో గోధుమ పండుతుందన్న ఆశతో పెట్టిన పేరది. అంతకుముందు దాన్ని గవర్నమెంట్ గమ్స్ అనేవారు. ఊరికి ప్లాను గీశారు, స్థలాలు అమ్మారు, 1882లో రైలు వచ్చింది. గోధుమ మాత్రం రాలేదు. అక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఊరు కొంతకాలం రైలు మీద, ఒంటెల మీద బతికింది. ఆ ఒంటెలతోపాటు వచ్చినవాళ్లు మన పక్కవాళ్లే. 1866లో కరాచీ రేవు నుంచి నూట ఇరవైకి పైగా ఒంటెలు, ముప్ఫై ఒక్కమంది మనుషులు ఓడ దిగారు. బలూచీలు, పఠాన్లు, తర్వాత పంజాబీలు. అందరికీ కలిపి అక్కడ ‘అఫ్గాన్లు’ అని ఒకటే పేరు. ఫరీనా శ్మశానంలో వాళ్ల సమాధులు వేరే మూల ఉన్నాయి. 1980లో పాత రైలు లైను మూతపడింది. ఊళ్లో రాతి గోడలే మిగిలాయి.

అయితే ఒక వింత. ఆ శిథిలాల మధ్య నేలమాళిగలో ఒక పాత బేకరీ ఉంది. ఏటా చలికాలంలో కొన్ని వారాలు వాలంటీర్లు వచ్చి, గోడలు సరిచేస్తూ, ఆ పాత పొయ్యిలోనే రొట్టెలు కాల్చి అమ్ముతారు. పిండి ఊళ్లో రొట్టె! ఆ పిండి కూడా దక్షిణాది నుంచి లారీలో వచ్చిందే. వేడివేడిగా, కొంచెం పుల్లగా బాగుంది. అక్క తెచ్చిన చెనక్కాయల పొడి అద్దుకొని తిన్నాం.

అక్కడే ఒక గోడ నీడన కాగితం తీసి లెక్క వేశాను. గోయ్డర్ గీత మీద వాన 250, 300 మిల్లీమీటర్లు. మా అనంతపురంలో సగటున 550. జైసల్మేరు తర్వాత దేశంలో తక్కువ వాన మాదేనంటారు, అయినా వాళ్లకు రెండింతలు. మరి వాళ్ల గీత దగ్గర పంట పండితే మాకు ఎండిపోవడమేమిటి? జవాబు వాన లెక్కలో లేదు. వాళ్ల వాన చలికాలంలో, ఎండ లేనప్పుడు, జల్లుగా పడుతుంది. పడిన చుక్క నేలలో ఉంటుంది. మాది వేడిగాలి మధ్యలో నాలుగు రోజులు కుండపోతగా పడి, తర్వాత నెల రోజులు మొహం చూపదు. ఎర్రగరుసు నేలలో పదును వారం నిలవదు. పైగా వాళ్లు గీత అవతలి నేలను వదిలేసి పోవడానికి దక్షిణాన నేల ఉంది. ఇప్పటికీ గీత అవతల అన్నా క్రీక్ అనే ఒక్క పశువుల క్షేత్రం సుమారు 24,000 చదరపు కిలోమీటర్లు. 2022లో విడిపోక ముందటి మా జిల్లా మొత్తం 19,130. ఏడెకరాలవాడు గీతకు ఏ పక్కకు పోవాలి?

ఇంటికి వచ్చినాక, వాకిట్లో మంచం మీద కూర్చొని ఇదంతా నాయనకు చెప్పాను. గ్రానైటు సంగతి కూడా చెప్పాను. ఆయన గ్రానైటు దగ్గర ఊ కొట్టి ఊరుకున్నాడు. గోయ్డర్ దగ్గర మాత్రం లేచి కూర్చున్నాడు.

"చెట్లు చూసి గీసినాడా?"

"అవు నాయనా."

"దొరకు తెలివుండాది. మరి గీత అవతల పడినోళ్లకు సర్కారు ఏమిచ్చింది?"

"కొందరికి దక్షిణాన వేరే భూమి దొరికింది. చాలామంది అప్పులతో పోయినారు."

"ఊ."

మర్నాడు పొద్దున నన్ను చేనికి పిలుచుకుపోయాడు. మిట్ట చేను మూడెకరాలు. గట్టు పొడుగునా నడుస్తూ చూపించాడు. పైన వెంపలి, తంగేడు. కిందికి వచ్చేకొద్దీ తంగేడు తగ్గి, గరిక, దర్భ. ఒక పుట్ట. పుట్ట పక్కన నేరేడు మొక్క. నీళ్లున్న చోటును చెట్లనుబట్టి, పుట్టలనుబట్టి చెప్పవచ్చని ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయం రాశాడని నేనన్నాను. "ఆయనకు మీ జేజినాయన చెప్పింటాడు" అన్నాడు నాయన. తర్వాత గరిక మొదలయ్యే చోట నిలబడి కాలి చెప్పుతో అడ్డంగా గీశాడు. "మీ దొర గీత మన చేనులోనే ఉండాదిరా. దీనికి పైన టెంకాయ నిలబడినా, నేను నిలబడినా ఒకటే."

రిగ్గు బండి రాలేదు. మిట్ట మూడెకరాలు ఈ ఏడు విత్తకుండా వదిలేసి, పది గొర్రెపిల్లలు కొన్నాడు. మిగతా నాలుగెకరాల్లో చెనక్కాయ, మధ్యలో కంది సాళ్లు. జేజికి మాత్రం ఇది నచ్చలేదు. పుట్టి బుద్ధెరిగినాక ఆ చేను బీడు పడి చూడలేదని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పటికీ ఆ దారిన పోవలసి వస్తే చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతుంది. గొర్రెపిల్లల్లో ఒకటి చచ్చిపోయింది, తొమ్మిది బాగున్నాయి. రిగ్గు వాళ్లకిచ్చిన అయిదు వేలు ఇంకా తిరిగి రాలేదు. ఫోను చేసినప్పుడల్లా వచ్చే వారం అంటున్నారట.